రేవుకీ పడవకీ మొహమాటం

ఆ బొమ్మల సినిమాల ఆఫీసులో ఆవిడని అందరూ పిన్ని అనే పిలుస్తారు. నిజానికి ఆవిడ అక్కడ ఒక్కరికే పిన్ని. ఆవిడ అక్క కూతురు ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, గదిలో ఉన్నవాళ్ళందరూ వినేట్టు, "పిన్నీ, నా కుర్చీ ఏదీ?" అని అడిగింది. ఆ పిలుపు జలుబులాగా ఒకరినుంచి ఒకరికి అంటుకుంది. నెల తిరిగేసరికి టీ మిషను బాగుచేయడానికి వచ్చే మనిషి కూడా "పిన్నీ, పంచదార ఎక్కువ పడుతోందా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆవిడకంటే వయసులో పెద్దవాడైన దర్శకుడు కొన్నాళ్ళు "మేడం" అన్న మాటని పట్టుకుని వేలాడాడు. చివరికి చేతులు నొప్పిపుట్టి, మర్యాద పూర్తిగా పోకుండా, "పిన్నిగారూ" దగ్గర స్థిరపడ్డాడు.

పిన్ని చేసే పనేమిటో బంధువులకి చెప్పి ఒప్పించడం మాత్రం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. "కంప్యూటర్లో బొమ్మలు వేస్తుంది" అంటాడు ఆవిడ భర్త, అడిగినవాళ్ళు రెండో ప్రశ్న వేసేలోగా మాట మార్చేస్తూ. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఒక్క మాటలో అర్థమయ్యే పని చేసుకునేవాళ్ళకి ఉండే గర్వం ఆయనకి కొద్దిగా ఉంది.

అసలు సంగతేమిటంటే పిన్ని బొమ్మలు వెయ్యదు. వేసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు వేసిచ్చిన పడవ నీళ్ళమీద ఊగడానికీ, నీళ్ళు వానకి చిందడానికీ, వాన గొడుగుమీంచి జారడానికీ కావలసిన ఏర్పాట్లు ఆవిడవి. తెరమీద చిన్న చిన్న పెట్టెలుంటాయి, వాటిని నోడ్‌లంటారు. ఒక పెట్టె అలని పుట్టిస్తుంది, ఒకటి దాన్ని వంచుతుంది, ఇంకొకటి పైన నురగ పెడుతుంది. పెట్టెకీ పెట్టెకీ మధ్య తీగలుంటాయి. అంతవరకూ ఎవరికైనా కనిపిస్తుంది. కనిపించనిదల్లా పెట్టెల లోపల ఉంటుంది. ఒక్కో పెట్టెలో బోలెడు గడులు: ఎత్తు ఎంత, వెడల్పు ఎంత, వేగం ఎంత. ఆ గడిలో తిన్నగా అంకె వెయ్యొచ్చు. లేదంటే, 'ఫలానా పెట్టెలో ఫలానా గడిలో ఎంతుందో అందులో సగం' అని సూత్రం రాయొచ్చు. సూత్రం రాసిన దగ్గర్నుంచీ ఈ గడి ఆ గడి మాట వింటుంది. ఆ వినడానికి తీగ ఉండదు. బయటినుంచి చూసేవాళ్ళకి ఆ రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉంటాయి, అత్తగారి ఎదుట చెరో మూలా కూర్చుని లోపల్లోపల ఒకే మాటమీద ఉన్న తోడికోడళ్ళలాగా.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు సాధారణంగా అవసరమైనచోట సూత్రం రాసి, మిగతా చోట్ల అంకెలు వేసి, వేళకి ఇంటికి వెళ్ళిపోతారు. పిన్నికి అది చేతకాదు. ఒట్టి అంకెని చూస్తే ఆవిడకి మనసు ఊరుకోదు. ఎవరైనా కొత్తవాళ్ళు గడిలో ఓ అంకె వేసి వదిలేస్తే, వెనకాల నిలబడి, "వీడెవరి తాలూకు?" అని అడుగుతుంది.

"ఎవరి తాలూకూ కాదండీ. ఊరికే వేశాను."

"ఊరికే ఎవరూ పుట్టరు నాయనా. వీడికి ఎవరో ఒకరు ఉంటారు, వెతుకు."

వెతికి, ఆ అంకెకి ఓ పెద్దదిక్కుని చూపించి, సూత్రంతో ముడేసేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదలదు.

ఇలాంటి మనిషికి తగిన దర్శకుడే దొరికాడు. ఆయనకి అంకెలంటే చిన్నప్పటినుంచీ పడదు. "వాన ఎంత పడాలండీ?" అని అడిగితే, "ముసలావిడ దిగులంత" అంటాడు. మామూలు మనుషులు ఈ జవాబు విని బయటికి వెళ్ళి నవ్వుకుని, తమకి తోచిన వాన కురిపించేస్తారు. పిన్ని నవ్వలేదు. వెళ్ళి ముసలావిడ బొమ్మలో దిగులు ఎక్కడుందో గాలించింది. కనుబొమ చివర ఎంత కిందికి వాలిందో, అంత వాన. కనుబొమ ఇంకాస్త వాలితే ఊళ్ళో జల్లు పెరుగుతుంది. దర్శకుడు ఆ షాట్ చూసి, ఎందుకు బావుందో తెలియక, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజునుంచి ఆయన నోటివెంట 'అంత' అనో 'లాగా' అనో మాట రావడమే ఆలస్యం, పిన్ని దాన్ని ఆజ్ఞగా స్వీకరించి సూత్రం రాసేసేది. చంద్రుడు తెరచాపంత ఉండాలన్నాడు, తెరచాపకి కట్టేసింది. వంతెన పడవని చూసి తల వంచినట్టుండాలన్నాడు, వంచేసింది.

ఇన్ని మాటలూ కలిసి ఒక ఊరయ్యాయి. సినిమా చివర వచ్చే రేవు ఊరు. వానలో గొడుగు పట్టుకుని ఒక ముసలావిడ రేవులో ఎదురుచూస్తుంటుంది. మలుపు తిరిగి పడవ వస్తుంది. అంతే కథ. ఆ అంత కథకీ వెనకాల వేలాది గడులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడి ఉండేవి.

"ఊరంతా మా పిన్ని బుర్రలో ఉందండీ" అనేవాడు ఓనరుగారు, ఆఫీసు చూడడానికి ఎవరొచ్చినా. ఆయనకి సినిమాలంటే ప్రేమ, గడువులంటే భక్తి. వచ్చినవాళ్ళు పిన్ని తలవైపు గౌరవంగా చూసేవారు. పిన్ని ఆ తల కాస్త వంచి, కాదనకుండా, అలాగని అవుననకుండా, మౌసు కదిపేది.

ఇక్కడ ఒక రహస్యం విప్పక తప్పదు. పిన్ని బుర్రలో ఊరు లేదు. ఏది దేని మాట వింటుందో ఆవిడకి సగానికి సగం గుర్తులేదు. మొదట్లో సూత్రాలు చదువుకుని గుర్తుచేసుకునేది. తర్వాత, అసలే ఎడమకన్ను అంతంతమాత్రమైతే, కుడికంట్లో శుక్లం వచ్చింది. సూత్రంలో అక్షరాలు పిండిలో పడిన చీమల బారులా కనిపించడం మొదలుపెట్టాయి. అప్పటినుంచి ఆవిడ మీటడం నేర్చుకుంది. అనుమానం వచ్చిన గడిని కాస్త అటూ ఇటూ జరిపి, ఊళ్ళో ఏది ఉలిక్కిపడుతుందో చూసేది. గొడుగు ఊగితే, ఓహో, ఇది గొడుగు తాలూకు. చిన్న అక్షరాలు కనపడకపోయినా కదలిక కనిపిస్తుంది కదా. ఈ మీటడాన్ని ఎవరూ గమనించకుండా, ఏదో ఆలోచిస్తూ చెయ్యి యథాలాపంగా కదిలినట్టు నటించేది. నటన బాగానే ఉందని ఆవిడ నమ్మకం.

అందుకే, కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మార్పు చూసి ఆవిడకి గుండెల్లో రాయి పడింది. అందులో ఒక మీట నొక్కితే చాలు, ఏ గడి ఏ గడిమీద ఆధారపడిందో మొత్తం చుక్కల గీతలుగా గీసి చూపిస్తుంది. అక్క కూతురు అది కనిపెట్టి, చిన్నపిల్లలా గెంతుతూ వచ్చింది.

"పిన్నీ, మన ఊరిమీద నొక్కి చూద్దామా?"

"ఏమీ అక్కర్లేదు. మిషను నెమ్మదిస్తుంది."

"ఒక్కసారి పిన్నీ, ప్లీజ్."

"చుట్టాలందరినీ ఓ గదిలో కూర్చోబెట్టి, ఎవరు ఎవరి తాలూకో తెలియడానికి నడుములకి తాళ్ళు కడతామా? చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉంటుంది! తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళకి అక్కర్లేదు."

అమ్మాయి మూతి ముడుచుకుంది. పిన్ని తన జవాబు బాగా వచ్చినందుకు లోలోపల ఊపిరి పీల్చుకుంది.

అంతా ఇలా సజావుగా, కాస్త మసగ్గా నడుస్తుండగా కంటి డాక్టరు ఆపరేషనుకి సోమవారం అని చెప్పాడు. తర్వాత కొన్ని వారాలపాటు తెర ముఖం చూడకూడదన్నాడు. గురువారం పొద్దున ఓనరుగారు ముగ్గుర్నీ, అంటే పిన్నినీ అమ్మాయినీ దర్శకుణ్ణీ, తన గదికి పిలిపించాడు.

"మీ కన్ను ముఖ్యం పిన్నీ, అందులో రెండో మాట లేదు," అన్నాడు. "కానీ మీరు లేనప్పుడు ఆ ఊరిమీద ఎవరు చెయ్యేసినా ఏమవుతుందో అని నాకు భయం. అందుకని బేక్ చేసేద్దాం."

బేక్ చేయడమంటే ఆ వృత్తిలో సూత్రాలన్నీ తీసేసి, ఆ క్షణానికి ఏ గడిలో ఎంతుందో అంత అంకెగా గడ్డకట్టించేయడం. బయటికి ఊరు అలాగే ఉంటుంది, పడవ అలాగే వస్తుంది. కాకపోతే ఇక ఎవరూ ఎవరి మాటా వినరు. పడవని కదిపితే అల ఊరుకుంటుంది, కనుబొమ వాలితే వానకి పట్టదు. పిన్ని దాన్ని శాపం తగిలి రాయైపోవడం అంటుంది.

"అదేమిటండీ, అప్పుడే?" అని ఉలిక్కిపడ్డవాడు దర్శకుడు. మాట మార్చుకోవడమే వృత్తిగా బతుకుతున్న మనిషికి ఈ శాపంకంటే ఘోరం ఉండదు. "నాకింకా ఆ పడవ చిన్నదనిపిస్తోంది. కొంచెం పెద్దది కావాలి."

"ఎంత పెద్దది?" అన్నాడు ఓనరుగారు.

"కొంచెం."

ఓనరుగారు కాసేపు సీలింగువైపు చూశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "సరే. ఆ పడవని పెద్దది చేయాల్సింది పిన్ని కాదు, ఈ అమ్మాయి. రేపు సాయంత్రంలోగా, నా కళ్ళముందు. ఊరు ఈ అమ్మాయి మాట కూడా వింటుందని తేలితే బేక్ మాట ఎత్తను. లేదంటే ఇప్పుడున్న చిన్న పడవతోనే గడ్డకట్టించేద్దాం."

అమ్మాయి పిన్నివైపు ధీమాగా చూసింది. పిన్ని అమ్మాయివైపు చూడలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ కూర్చున్నారు. అమ్మాయి పడవ గడి తెరిచి, అంకెని మెల్లగా పెంచింది. పడవ పెరిగింది. తెరచాపతోపాటు చంద్రుడూ పెరిగాడు. వంతెన ఇంకాస్త వినయంగా వంగింది. ఇంకొంచెం పెంచింది. అంతే, ఊరు లేదు. రేవు లేదు, వాన లేదు, ముసలావిడ లేదు. తెరమీద బూడిదరంగు తప్ప మరేమీ లేదు. పెట్టెల్లో రెండింటిమీద ఎర్ర గుర్తులు మాత్రం వెలిగాయి. ఏదో ఒక విలువ తనమీద తనే ఆధారపడుతోందని కింద ఓ సందేశం వచ్చింది.

"అయ్యో, ఏం చేశాను పిన్నీ?"

"నువ్వేం చెయ్యలేదు, ఉండు." పిన్ని మౌసు అందుకుని మీటింది. ఏదీ ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడడానికి ఊరంటూ ఉండాలి కదా. పడవని మళ్ళీ చిన్నది చేస్తే ఊరు ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చింది, ముసలావిడ అదే చోట నిలబడి ఉంది. పెంచితే మళ్ళీ మాయం. చిన్న పడవ ఉన్నంతసేపూ ఏ గడి మీటినా జవాబొస్తోంది, కానీ తప్పు ఆ గడుల్లో దేనిలోనూ దొరకడం లేదు. తప్పు బయటపడే వేళకి మీటడానికేమీ మిగలడం లేదు. ఎన్నాళ్ళనుంచో కాపాడిన విద్య కళ్ళముందే చచ్చుపడిపోయింది.

"పిన్నీ, ఆ గీతలు..." అంది అమ్మాయి నెమ్మదిగా.

"రేపు చూద్దాం," అని లేచిపోయింది పిన్ని.

ఇంటికొచ్చేసరికి భర్త కిటికీ దగ్గర బల్లమీద ఓ కింది పళ్ళ వరస పెట్టుకుని, చిన్న ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఆవిడ చెప్పులు విప్పిన తీరు చూసే ఏదో జరిగిందని గ్రహించాడు.

"ఏమైంది?"

"ఊరు పోయింది."

"మొత్తమా?"

"పడవ పెద్దది చేస్తే పోతోంది. చిన్నది చేస్తే వస్తోంది."

"అయితే చిన్నదే ఉంచెయ్."

"ఆ మాత్రం తెలివి నాకూ ఉంది. చిన్నదే ఉంచితే రేపు సాయంత్రం దాన్ని రాయి చేసేస్తారు."

ఆయన పళ్ళు కింద పెట్టాడు. "ఏవో గీతలొస్తాయన్నావుగా ఆమధ్య. అవి చూసుకోరాదూ?"

"చూస్తే ఏం బయటపడుతుందో తెలుసా మీకు?"

"ఏం?"

"నాకేమీ గుర్తులేదని. అంతమందీ నా బుర్రలో ఊరుందనుకుంటున్నారు. ఆ పిల్లకి నేర్పించి వెళ్ళాల్సింది నేను. ఇన్నేళ్ళూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందేమిటి, తడుముకోవడమా?"

ఆయన ఈ విషయాన్ని వృత్తిగతమైన గాంభీర్యంతో ఆలోచించాడు. "నాకు మాత్రం ఈ పళ్ళు చూస్తే ఎవరివో తెలుస్తుందనుకున్నావా? పెట్టి చూస్తాను. పట్టకపోతే గీస్తాను, మళ్ళీ పెట్టి చూస్తాను."

"మీది వేరు."

"ఏం వేరు? నా దగ్గర తప్పు జరిగితే కరుస్తారు కూడా."

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వినందుకు కోపం కూడా వచ్చింది. ఆ రెంటినీ కలిపి, పళ్ళు తీసి బల్ల తుడవమని ఆయన్ని కసిరి లోపలికి వెళ్ళింది.

శుక్రవారం పొద్దున ఆఫీసులో కుర్చీ తనే అమ్మాయివైపు జరిపింది. "నొక్కవే," అంది. నేరం ఒప్పుకోడానికొచ్చిన మనిషిలాగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయి పడవని మళ్ళీ పెద్దది చేసి, నొక్కింది. క్షణంసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక చుక్కల గీత, ఇంకొకటి, ఆ తర్వాత లెక్కలేనన్ని పెట్టెల మధ్య పాకుతూ, ఒకదానిమీదుగా ఒకటి వంగుతూ, తెర నిండిపోయాయి. పిన్ని ఒక కన్ను మూసుకుంది. రెండోది ఎలాగూ సగం మూసుకునే ఉంది.

అమ్మాయి తెరకి దగ్గరగా జరిగింది. మౌసుతో ఒక గీత పట్టుకుని ఆ చివరి దాకా వెళ్ళింది. మళ్ళీ ఇంకొకటి. "కనుబొమ నుంచి వానకి..." అని గొణుక్కుంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "పిన్నీ! ముసలావిడ దిగులంత వాన! ఆయనన్న మాట! నేనప్పుడు బయటికెళ్ళి నవ్వాను తెలుసా. నువ్వు నిజంగానే కట్టేశావా? ఇదిగో ఇది చంద్రుడు, తెరచాప. ఇదేంటి, రేవులో దీపం ఆవిడ ఊపిరికా? అయ్యబాబోయ్, ఆయనన్న ప్రతి ముక్కా ఇక్కడుంది!"

"ఎందుకే అంత అరుపు."

"ఎంత బావుందో చూడు!"

"నాకు కనపడదు," అంది పిన్ని. ఆపైన గొంతు తగ్గించి, "కనపడినా ఒకటే. నాకివేవీ గుర్తులేవు తల్లీ. ఏది దేనికి కట్టానో ఎప్పుడో మర్చిపోయాను. ఇన్నాళ్ళూ మీటి మీటి చూసుకుంటున్నాను. ఆ మాట నీతో చెప్పడానికి మొహం చెల్లక, ఈ గీతలు వద్దన్నాను."

అమ్మాయి ఆశ్చర్యపోలేదు. "తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు మీటుతావని."

"నీకెలా తెలుసు?"

"అందరికీ తెలుసు పిన్నీ. ఓనరుగారికి తప్ప. దర్శకుడుగారైతే, నువ్వు మీటుతుంటే వెనకనుంచి చూడ్డం ఇష్టమట ఆయనకి. వీణ శ్రుతి చేస్తున్నట్టుంటుందట."

మనసులో బరువు దిగినవాళ్ళు సాధారణంగా ఊరట పొందుతారు. పిన్నికి ముందు ఒళ్ళు మండింది. "మరి చెప్పొచ్చుగా! ఇన్నేళ్ళనుంచీ ఎవరూ చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, మెడ పట్టేసి, దానికి కాపడం పెట్టుకుని... అంతా అనవసరమేనా?"

"నువ్వంత కష్టపడి దాస్తుంటే చూశామని ఎలా చెప్తాం? బావుండదు కదా."

పిన్ని కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుంది. "సరేలే. ఆ ఎర్రగా ఉన్నవేమిటో చూడు. నాకు రంగులు తెలుస్తున్నాయి, రాతలు తెలియడం లేదు."

ఎర్ర గుర్తులున్న రెండు పెట్టెల్లో ఒకటి పడవ, ఒకటి రేవు. పడవనుంచి రేవుకి ఒక గీత, రేవునుంచి పడవకి ఒక గీత. అమ్మాయి రెండు సూత్రాలూ పైకి చదివింది. పడవ కొంత కొలత వరకూ ఎవరినీ అడగదు. ఆ కొలత దాటాక మాత్రం రేవుని అడుగుతుంది, నాకు చోటెంతుంది, అంతే పెరుగుతాను అని. రేవేమో పడవని చూసి తయారవుతుంది, నువ్వెంతుంటే నేనంత అని. పడవ చిన్నదిగా ఉన్నంతకాలం అది అడగలేదు కాబట్టి గొడవ లేకపోయింది. నిన్న మొదటిసారి హద్దు దాటి అడిగింది.

పిన్ని నోరు వెళ్ళబెట్టింది. "అంటే, గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు 'ముందు మీరు రండి', 'అబ్బే, ముందు మీరే' అనుకుంటూ నిలబడిపోయారన్నమాట."

"వాళ్ళ వెనకాల ఊరంతా వానలో ఆగిపోయింది," అంది అమ్మాయి.

"ఒట్టి మొహమాటస్తులు! నేను రాసినవేనా రెండూ?"

"నువ్వే. చెప్పింది ఆయన అయ్యుంటాడు."

దర్శకుణ్ణి పిలిపించారు. ఆయన గుమ్మంలోనే ఆగి, తెరమీది చుక్కల గీతల్ని, మొదటిసారి సముద్రం చూసినవాడిలా చూశాడు. అమ్మాయి ఒక్కొక్క గీతనే పట్టుకుని, ఇది మీరు ఫలానా అన్నప్పటిది, ఇది ఫలానా అన్నప్పటిది అని చెప్పుకుంటూ పోయింది. ఆయన ముఖం ముందు వికసించింది, తర్వాత ఎర్రబడింది, ఆ తర్వాత ఆయన కుర్చీ వెతుక్కున్నాడు.

"ఇన్ని వాగానా నేను?"

"వాగడమేమిటండీ," అంది పిన్ని. "చెప్పారు. ఇదిగో ఈ రెండు మాత్రం తేల్చండి. పడవ రేవులో పట్టేంతే ఉండాలన్నారు. రేవు ఆ పడవకోసమే కట్టినట్టుండాలన్నారు."

"రెండూ నేనేనా? ఒకేరోజా?"

"వేరువేరు రోజులు. ఒకనాడు మీకు జలుబు."

"ఇప్పుడు ఏ మాట ఉంచుతారు?" అంది అమ్మాయి.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అసలు పడవ పెద్దది కావాలని ఎందుకన్నానంటే... ఆవిడ అంతకాలం ఎదురుచూసింది కదా పిన్నిగారూ. అంతకాలం చూసిన పడవ వచ్చేసరికి, ఆ రేవు దానికి చాలనట్టుండాలి. ఇరుగ్గా, గోడలకి రాసుకుంటూ లోపలికి రావాలి."

"అది ముందే చెప్తే పోయేది కదా," అంది పిన్ని. ఆయన ఇప్పుడే ఆ సంగతి తనకీ తెలిసిందన్నట్టు తలూపాడు.

అయితే రేవు పడవని చూసి పెరగకూడదు. రేవు ఎవరినీ అడక్కుండా, తన మానాన తనుండాలి. పడవే రేవుని చూసి, దానికంటే పిసరు ఎక్కువుండాలి. అమ్మాయి రేవు గడిలో సూత్రం చెరిపేసింది. ఖాళీ గడిలో కర్సర్ గీత మినుక్కుమంటోంది.

"ఎంత వెయ్యను పిన్నీ?"

పిన్ని తడబడింది. "ఆవిడ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే అలసిపోయేంత..."

"అదీ సూత్రమే."

"పోనీ, గొడుగుకి..."

"పిన్నీ, అదీ సూత్రమే. మళ్ళీ ఎక్కడికెళ్ళి ముడిపడుతుందో!"

ఈలోగా ఓనరుగారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. గడియారంవైపు ఓసారి చూశాడు. పిన్ని ఆయన్ని పట్టించుకోలేదు. "నువ్వు జరుపుతూ ఉండు, నేను చూస్తాను," అంది. అమ్మాయి విలువని మెల్లగా జరుపుతుంటే, తెరమీద రేవు రాతిగట్టు ఒక్కటే, ఊరు లేకుండా, సన్నబడుతూ వెడల్పవుతూ కదిలింది. పిన్ని తెరకి బాగా దగ్గరగా వంగి, కళ్ళు చికిలించింది. "ఇంకాస్త. కాదు, వెనక్కి. ఇంకొంచెం వెనక్కి... ఆపు. అంతే."

"వీడెవరి తాలూకు అని ఎవరైనా అడిగితే?" అంది అమ్మాయి పెదవి కొరుక్కుంటూ.

"మా పిన్ని చెప్పిందని చెప్పు."

పడవ గడిలో కొత్త సూత్రం అమ్మాయే రాసింది. రాసి, 'సరే' అన్న మీట నొక్కింది. ఎర్ర గుర్తులు ఆరిపోయాయి. ముందు నీళ్ళొచ్చాయి, తర్వాత వంతెన, దీపం, వానలో గొడుగు పట్టుకుని ముసలావిడ. మలుపు తిరిగి పెద్ద పడవ వచ్చింది, రేవు గోడలకి రాసుకుంటూ, ఇరుగ్గా, నెమ్మదిగా. దర్శకుడు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు.

"చంద్రుడు వంతెనమీద కూర్చున్నాడేమిటి?"

నిజమే. తెరచాప పెరిగేసరికి చంద్రుడు కూడా పెరిగి, ఆకాశంలో చోటు చాలక, వంతెన నెత్తికెక్కాడు. అందరూ అలవాటుగా పిన్నివైపు తిరిగారు. పిన్ని చెయ్యి మౌసువైపు సగందాకా వెళ్ళింది. అక్కడ అమ్మాయి చెయ్యి ఉంది. పిన్ని తన చేతిని వెనక్కి తీసుకుని, తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయి గీత పట్టుకుంది. చంద్రుడి దగ్గర్నుంచి తెరచాపకి వెళ్ళింది, మధ్యలో ఆగి, సూత్రంలో 'అంత' అన్నదాన్ని 'అందులో మూడొంతులు' చేసింది. చంద్రుడు బుద్ధిగా వంతెన దిగి, మబ్బుల్లోకి వెళ్ళాడు. ఇంకేదీ కదల్లేదు. వాన వానలాగే పడుతోంది, ముసలావిడ పడవకేసి చూస్తోంది.

ఓనరుగారు అటు తెరనీ ఇటు అమ్మాయినీ మార్చి మార్చి చూశాడు. "ఆ గీతలు నాకు ముక్క అర్థం కాలేదు," అన్నాడు. "కానీ ఈ అమ్మాయికి అర్థమయ్యాయి. బేక్ వద్దు, ఉండనివ్వండి." వెళ్ళబోతూ, పిన్ని దగ్గర ఆగాడు. "అయితే ఊరు మీ బుర్రలో ఉందని నేను అందరికీ చెప్పడం..."

"అలాగే చెప్తూ ఉండండి," అంది పిన్ని. "మానేస్తే ఏమైందని అడుగుతారు."

సాయంత్రం సంచీ సర్దుకుని ఆవిడ బయటికొచ్చేసరికి, భర్త మెట్లదగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడ మొహం చూసి, ఊరు ఏమైందని అడగడం మానేసి, సంచీ అందుకున్నాడు. తలుపు పూర్తిగా మూసుకోకముందే లోపల్నుంచి దర్శకుడి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఆ మబ్బులు ఉన్నాయే, అవి కొంచెం... ఎలా చెప్పాలీ... ఊరు నిట్టూర్చినంత మెల్లగా..."

పిన్ని ఆగిపోయింది.

"ఏమిటి, మళ్ళీ లోపలికా?" అన్నాడు భర్త.

"కాదు. ఊరు నిట్టూర్పంటే ఏ గడి పట్టుకుంటుందో, పిచ్చిది. అలలు వెనక్కి తగ్గే వేగం పట్టుకుంటే సరిగ్గా కుదురుతుంది. ఒక్క మాట చెప్పి రానా?"

"వద్దు. పద."

రెండు మెట్లు దిగారు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత అమ్మాయి గొంతు, కొంచెం సందేహంగా, కొంచెం గట్టిగా వినిపించింది. "అలలు వెనక్కి తగ్గుతాయి కదండీ, దానికి కడతాను. ఉండండి, ముందు అలలు ఎవరి మాట వింటున్నాయో గీతలు చూడనివ్వండి."

పిన్ని భర్త మోచేయి పట్టుకుంది. "మా అక్క కూతురు," అంది, ఆయనకి కొత్తగా పరిచయం చేస్తున్నట్టు.

"తెలుసు," అన్నాడాయన, ఆవిడకి కనపడని మెట్టు దగ్గర ఒక క్షణం ఆగి.